మేత మరచిన మృగాలు: అద్భుత కథాలోకాల ఆకర్షణ

అద్భుత కథలను గురించి మన విమర్శలో ఒక అభిప్రాయం చాలకాలంగా పాతుకొని ఉన్నది. మాయాద్వీపాలు, మంత్రపుకోటలు, మాటలాడే చిలుకలు గల కథలు బాలురకు కాలక్షేపమనీ, వయస్సు వచ్చినవారు వాటిని చదివితే అది జీవితం నుండి పలాయనమనీ ఆ అభిప్రాయం. ‘పలాయనం’ అన్న మాట ఒకసారి పడిన తరువాత ఇక విచారణ అక్కరలేదన్నట్లు మనం ప్రవర్తిస్తున్నాము. పాఠకుడు మాత్రం మన తీర్పు కొరకు ఆగలేదు. పదకొండవ శతాబ్ది కాశ్మీరంలోనూ, పంతొమ్మిదవ శతాబ్ది లక్నోలోనూ, కాశీలోనూ, మన గోదావరీ తీరంలోనూ అతడు దీపం దగ్గర కూర్చుండి లేని లోకాలలోనికి వెళ్ళి వచ్చినాడు. 2015లో అతని మనుమలు వెండితెర మీద మాహిష్మతీ నగరాన్ని చూచుటకు బారులు తీరినారు. ఇంత దీర్ఘమైన అలవాటుకు బలహీనత అని పేరు పెట్టి ఊరకుండుట విమర్శ కాదు. దాని కారణాలేమిటో, అందులో మేలెంతో కీడెంతో తేల్చుకొనుట రచయితలమైన మనకు అవసరం.

ఈ విచారణకు మన దేశంలోనే ఒక పురాతనమైన కథ ఉన్నది. అది కథలను గురించిన కథ. సోమదేవుని కథాసరిత్సాగరం ఆరంభంలో గుణాఢ్యుడనే పండితుడు కనిపిస్తాడు. ఇతడు ప్రతిష్ఠానపురాన్ని ఏలిన సాతవాహనరాజు వద్ద మంత్రి. ఒక పందెంలో ఓడి, మాట ప్రకారం సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటినీ విడిచి అడవికి పోయినాడు. అక్కడ పైశాచీభాష నేర్చి, విద్యాధరుల కథలను ఏడు లక్షల శ్లోకాలలో, సిరా దొరకక తన నెత్తుటితో వ్రాసినాడు. శిష్యులు ఆ గ్రంథాన్ని రాజు వద్దకు తీసుకొనిపోగా, గ్రంథం మితిమీరినదనీ, భాష పిశాచాలదనీ, వ్రాత నెత్తురనీ చెప్పి రాజు త్రోసివేసినాడు. గుణాఢ్యుడు కొండమీద అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రాన్నే పైకి చదువుతూ అందులో వేయసాగినాడు. అడవిమృగాలన్నీ చుట్టూ చేరి, మేత మరచి, కన్నీరు కారుస్తూ వింటూ నిలిచినవి.

కథ ఇక్కడ ఆగదు. కొన్ని దినాలకు రాజుకు జబ్బు చేసినది. ఎండిపోయిన మాంసం తినుట వల్ల కలిగిన జబ్బు అది అని వైద్యులు తేల్చినారు. వంటవారిని అడిగితే వారు వేటగాండ్రను చూపినారు. వేటగాండ్రను అడిగితే అడవిలో ఎవరో బ్రాహ్మణుడు చదువుతున్నాడు, మృగాలు మేయుట లేదు అన్నారు. రాజు పరుగున వచ్చేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిద అయినవి. మిగిలిన లక్షే నరవాహనదత్తుని కథ, అదే బృహత్కథ.

రాజు చెప్పిన మూడు ఆక్షేపణలను గమనించండి. పరిమాణం, భాష, వేషం: ఈ మూడింటిలో కథను గురించి ఒక్కటీ లేదు. అతడు చదువకుండానే తీర్పు చెప్పినాడు. నేటికీ అద్భుత కథను నిరాకరించేవారు ఎక్కువగా ఈ మూడు మాటలే చెబుతారు. పుస్తకం లావు, భాష బజారుది, వేషం మోటు. విన్న మృగాలు మాత్రం ఎక్కడికీ పారిపోలేదు. ఉన్నచోటనే కదలక నిలిచినవి. ఆ నిశ్చలత్వ ఫలితం చివరకు రాజుగారి భోజనపాత్ర వరకు వచ్చినది. కల్పనాలోకం నిత్యజీవితంతో సంబంధం లేనిదని అనేవారికి ఇంతకంటె చమత్కారమైన సమాధానం మరొకటి నాకు తెలియదు.

సోమదేవుడు తన గ్రంథాన్ని కాశ్మీరరాజైన అనంతుని రాణి సూర్యమతి మనోవినోదం కొరకు రచించినానని చెప్పుకొన్నాడు. ఆమె ఎట్టి శ్రోతయో కల్హణుని రాజతరంగిణి వలన మనకు తెలుస్తున్నది. అనంతుడు 1063లో కుమారుడైన కలశునికి రాజ్యం అప్పగించినాడు. తండ్రీకొడుకుల మధ్య వైరం పెరిగి పెరిగి చివరకు 1081లో అనంతుడు ఆత్మహత్య చేసుకొన్నాడు. రాణి చితి ఎక్కినది. ఈ నడిమి సంవత్సరాలలోనే కథాసరిత్సాగరం పుట్టినదని పండితుల నిర్ణయం. ఒకవైపు భర్త, ఒకవైపు కొడుకు. ఏ పక్షం గెలిచినా ఓటమి తనదే అయిన స్త్రీకి ఎవరో ఇరవైవేల పైచిలుకు శ్లోకాల కథాసముద్రాన్ని కానుక ఇచ్చినారు. ఆమె దానిని విని తన దుఃఖాన్ని మరచినదో లేదో చెప్పుటకు ఆధారం లేదు. కాని అట్టివారికి అట్టి గ్రంథం కావలెనని ఒక కవికి తోచుట గమనింపదగినది. ‘మీకు పనిలేక చదువుతున్నారు’ అని ఆ రాణితో ఎవరనగలరు?

ఇక శాస్త్రం ఏమంటున్నదో చూతము. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో అద్భుతం ఒకటి. దాని స్థాయిభావం విస్మయం. దాని అధిదేవత బ్రహ్మ. సృష్టికర్తనే దీనికి అధిదేవతగా నిలుపుటలో ఔచిత్యం ఉన్నది. కొత్తలోకాన్ని చూచినప్పుడు కలిగే భావం విస్మయమే గదా. అయితే విస్మయం ఎంత దూరం పోవచ్చును? ఈ ప్రశ్నను తొమ్మిదవ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు ఎత్తుకొన్నాడు. సాతవాహనుడు మొదలైనవారు నాగలోకానికి పోయినట్లు కథలు ఉన్నవి గదా, అందులో దోషమేమి అని తానే ప్రశ్న వేసుకొని, వినికిడిలో ఉన్నదానిని చెప్పుటలో దోషం లేదు గాని, కేవల మానవుడైన రాజుచేత సప్తసముద్రాలు దాటించిన యెడల ఆ రచన నీరసమగునని సమాధానం చెప్పినాడు. రసభంగానికి మూలం అనౌచిత్యమని అతని సిద్ధాంతం. అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలను లెక్కించుతూ మొట్టమొదట ఉంచినది సంభావనా విరహం, అనగా ‘ఇది జరుగునది కాదు’ అన్న భావం. శ్రోత మనస్సులో ఆ భావం పుట్టినదా, మనస్సు కథలో నిలువదు.

ఈ ఇద్దరి మాటలూ కలిపి చూస్తే అద్భుత కథకు అవి వ్యతిరేకం కావు. అసంభవాన్ని చెప్పవద్దని వారు అనలేదు. దానిని సంభావ్యం చేయుమన్నారు. లోకంలో జరుగని పని కథలో జరుగవలెనంటే ఆ కథకు తనదైన లోకం, ఆ లోకానికి తనదైన ధర్మం ఉండవలెను. అభినవగుప్తుడు చెప్పిన మరొక విఘ్నం, శ్రోత తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండుట. దగ్గరి కథ వినేవానికి తన ఇల్లు, తన అప్పు, తన దాయాదుల తగవు గుర్తుకు వస్తవి. దూరద్వీపంలో జరిగే కథలో అవి అడ్డురావు. అక్కడ అతడు ఎవరికీ బాకీ లేడు, ఎవరికీ బంధువు కాడు. అందుచేత భయాన్ని భయంగా, త్యాగాన్ని త్యాగంగా, కలగాపులగం కాకుండా అనుభవించగలుగుతాడు. కల్పనాలోకపు దూరంలో ఉన్న మొదటి లాభం ఇది.

రెండవ లాభం ధర్మబద్ధత. దీనికి ఉర్దూ దాస్తానులు ఉత్తమోదాహరణం. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం అమీర్ హమ్జా దాస్తానును 46 సంపుటాలుగా ప్రకటించినది. వాటిలో తిలిస్మె హోష్‌రుబా మకుటాయమానం. ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ కమర్ అనే ఇద్దరు కథకులు వ్రాయగా 1883-1893 మధ్య అది వెలువడినది. ‘తిలిస్మ్’ అన్న మాట గ్రీకు నుండి అరబ్బీలోనికి వచ్చినది. ఒక మాంత్రికుడు కల్పించిన లోకం అని దాని భావం. అందులో చెట్లు, నదులు, నగరాలు, ప్రజలు, అన్నీ ఉంటవి. కాని ఆ లోకానికి ఆయుర్దాయం ముందే వ్రాయబడి ఉంటుంది. దానిని ఛేదించగలవాడు ఒక్కడే. అతనికి దారి చెప్పే ఫలకం ఒకటి ఎక్కడో దాగి ఉంటుంది. అఫ్రాసియాబు ఎంత గొప్ప మాంత్రిక చక్రవర్తి అయినా ఆ నియమాన్ని మార్చలేడు. అన్ని మాయలూ తెలిసిన ఏలికకు కూడా విధి ఉన్నదన్నమాట.

ఈ గ్రంథం ఎక్కడ, ఎప్పుడు వెలువడినదో మరువరాదు. ఔధు రాజ్యాన్ని ఇంగ్లీషువారు కలుపుకొన్నది 1856లో. మరుసటి సంవత్సరం తిరుగుబాటు, దాని వెనుక దండన. కన్నుల ముందరే ఒక కొలువు, ఒక నగర సంస్కారం కూలిపోయిన తరాన్ని తలచుకొనండి. ఏ కారణం చేత కూలినదో, ఎవరు ఏ తాళం ఎక్కడ తిప్పినారో వారికి అంతుపట్టలేదు. దాస్తానులో మాత్రం ప్రతి తాళానికీ చెవి ఉన్నది. ప్రతి మాయకూ విరుగుడు ఉన్నది. ఎంత పెద్ద సామ్రాజ్యమైనా గడువు తీరగానే విచ్చిపోతుంది. అది రాజకీయ ప్రబోధమని నేననను. కాని కారణాలు కనబడని కాలంలో కారణాలు కనబడే లోకం మీద మనస్సు పోవుట సహజం.

కాశీలో దేవకీనందన్ ఖత్రీ ఈ సంప్రదాయాన్ని హిందీ నవలగా మార్చినాడు. ఇతనికి చకియా, నౌగఢ్ అడవుల గుత్త ఉండేది. ఆ అడవులలోని శిథిల దుర్గాలు, గుహలు ఇతడు తిరిగి చూచినవే. 1888లో వెలువడిన చంద్రకాంతలో నౌగఢ్, విజయగఢ్, చునార్ అన్న పేర్లు కల్పితాలు కావు. పటంలో ఉన్న ఊళ్ళు. అతని తిలిస్మ్‌లో భూతప్రేతాల పని స్వల్పం. మరలు, మీటలు, మూలికలు, మూర్ఛను కలిగించే పొడులు, తెప్పరిల్లజేసే వాసన మందు: వీటితోనే మాయ జరుగుతుంది. వేషం మార్చగల ఐయారు తన సంచిలో ఏమి ఉన్నదో ఎరిగిన పనివాడు. దాని తరువాయి, చంద్రకాంతా సంతతి, 24 భాగాలకు విస్తరించినది. ఈ పుస్తకాలు చదువుటకే ఎందరో నాగరిలిపి నేర్చుకొన్నారన్నది హిందీ సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమైన మాట. ఆచార్య రామచంద్ర శుక్ల వీటికి సాహిత్యకోటిలో స్థానం ఇవ్వలేదు. వీటిలో సంఘటనల వైచిత్రి తప్ప రససంచారం లేదన్నాడు. అయినను ఇంతమంది పాఠకులను పుట్టించిన రచయిత హిందీలో మరొకడు లేడని ఒప్పుకొన్నాడు. ఒక భాషకు చదువరులను కూడబెట్టి పెట్టుట చిన్న సేవయా?

మన తెలుగులో ఈ త్రోవ కొత్తది కాదు. పదహారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి వినోదంగా చెప్పిన కథ భూలోకంలో నిజంగా జరిగిపోతుంది. కల్పన ముందు, లోకం తరువాత. కథకు ఇంత అధికారం ఇచ్చిన కావ్యం ఏ భాషలోనైనా అరుదు. ఇది జనం చేతికి అందే రూపంలో వచ్చినది మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో. పన్నెండు భాగాల ఆ గ్రంథానికి చట్రం అతి సులభమైనది. మణిసిద్ధుడనే యతి కాశీకి పోవుచు తోడుగా ఒక గోపకుమారుని వెంటబెట్టుకొంటాడు. ప్రతి మజిలీలోనూ పిల్లవాడు ఊరిలోనికి పోయి ఏదో వింత చూచి వచ్చి, దాని కథ చెప్పుమంటాడు. చెప్పకపోతే అడుగు కదలడు. యతి వద్ద ఉన్న మణి మహిమచేత ఆ వింతకు వెనుకనున్న కథ అంతా వెలువడుతుంది.

ఈ చట్రంలో ఒక గొప్ప సూక్ష్మం ఉన్నది. అద్భుతం మొదలగునది ఏ గంధర్వలోకంలోనో కాదు, వీథిలో కనబడిన ఒక వస్తువు దగ్గర. ‘ఇది ఇక్కడ ఎందుకున్నది?’ అన్న పశులకాపరి ప్రశ్నయే ద్వారం. వినుట వలన నడక ఆగదు. విన్నందువల్లనే మరునాటి నడక సాగుతుంది. కథ ప్రయాణానికి విఘ్నమని భావించేవారు ఈ చట్రాన్ని మరొకసారి పరిశీలింపవలెను. ఈ కథలలో ఒకదానిని ఆధారం చేసుకొని 1951లో పాతాళభైరవి చిత్రం వచ్చినది. తోటమాలి కొడుకు రాజకుమారిని కోరుట, దానికై ప్రాణం పణం పెట్టుట ఎన్ని ఊళ్ళ పేదపిల్లలకు ఆశ అయినదో చెప్పనలవి కాదు.

1947లో మదరాసునుండి వెలువడిన చందమామ ఈ ధారను తరువాతి తరానికి అందించినది. ఆ పత్రిక నేడు లేదు గాని, దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు, 1954 నాటి తోకచుక్క మొదలుకొని, ఇప్పటికీ తెలుగువారి జ్ఞాపకంలో ఉన్నవి. ఇక్కడ ఒక విశేషం చెప్పవలెను. దాసరివారు హేతువాది. చిరకాలం ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు మధ్యతరగతి జీవితాన్ని నిర్దాక్షిణ్యంగా చిత్రించిన వాస్తవవాది. మంత్రాలను నమ్మని ఇట్టివారు మాంత్రికుల కథలను పిల్లల చేతికి ఇచ్చుటకు జంకలేదు. కల్పనను కల్పనగా ఎరిగిన మనస్సు మూఢనమ్మకానికి లొంగదని వారి ఆచరణ సూచించుతున్నది. మూఢనమ్మకం కథను నిజమంటుంది. కథ నిజమని ఎన్నడూ చెప్పుకొనదు.

ఇప్పుడు ఎదిరిపక్షం వాదాన్ని దాని పూర్తి బలంతో వినవలెను. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ తన ప్రసంగంలో ఫసానా ఎ అజాయబ్, బోస్తానె ఖయాల్, చంద్రకాంతా సంతతి వంటి వాటిని పేరు పేరున ఎత్తి, ఆ కథల ప్రయోజనం కేవల వినోదమనీ, అద్భుతంపై మనకు గల మోజును తీర్చుటయేననీ, సాహిత్యానికి జీవితంతో సంబంధం ఉండవలెనన్న ఊహ కూడ ఆనాడు లేదనీ అన్నాడు. రైతు పొలం వేలంలో పోతుండగా కవి మాయామహళ్ళు కట్టుట సబబా అన్న ఆవేదన ఆ మాటల వెనుక ఉన్నది. దానిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. గోదాన్ వ్రాసినవాడు అడుగుతున్న ప్రశ్న అది.

కాని అదే ప్రేమ్‌చంద్ గోరఖ్‌పూరులో బాలుడుగా ఉన్నప్పుడు పుస్తకాల దుకాణంలో కూర్చుండి తిలిస్మె హోష్‌రుబాను ఆబగా చదివినవాడు. తల్లిలేని పిల్లవాడు, ఇంట సవతితల్లి, చాలీచాలని జరుగుబాటు. అతనికి ఆ సంపుటాలు ఏమిచ్చినవి? కథను వేలకొలది పుటలు నడిపించవచ్చునన్న ధైర్యం, పాత్రలను గుంపులు గుంపులుగా మేళవించే నేర్పు, వినేవాని చెవిని పట్టి నిలిపే వాక్యం. పిమ్మట అతడు వేరు దారి పట్టినాడు, పట్టుటయే మంచిదైనది. పట్టిన దారిలో నడుచుటకు కాళ్ళు బలిసినది మాత్రం ఆ దుకాణంలోనే.

పోవుటలో రెండు విధాలున్నవి. 1939లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథలను గురించి ఉపన్యసించుతూ టోల్కీన్ ఈ భేదాన్ని స్పష్టం చేసినాడు. చెరసాలలో ఉన్నవాడు బయటికి పోదలచుట ఒకటి. యుద్ధరంగం నుండి సైనికుడు పారిపోవుట మరొకటి. విమర్శకులు ఈ రెండింటినీ ఒకే మాటతో పిలిచి మొదటివానిని నిందించుతున్నారని అతని వాదం. ఈ భేదానికి మన దేశపు ఉదాహరణ ఇంకొంత ముందటిది. 1905లో బేగం రొకియా ‘సుల్తానా స్వప్నం’ అనే చిన్న కథను ఇంగ్లీషులో వ్రాయగా అది మదరాసులోని ఒక స్త్రీల పత్రికలో వెలువడినది. అందులోని లోకంలో పురుషులు ఘోషాలో ఉంటారు. స్త్రీలు ఏలుతారు, సూర్యుని వేడిని పట్టి వంట చేస్తారు, మేఘాలనుండి నీరు తీసుకొంటారు. ఆ కథ చదివి కన్ను తెరచినవానికి తన ఇంటి పరదా మునుపటివలె సహజంగా కనబడదు. ఉన్న లోకం మారదగినదని తెలియుటకు లేని లోకాన్ని ఒకసారి చూచిరావలసి ఉన్నది.

ఇంతమాత్రం చేత అద్భుత కథలన్నీ మంచివని నా అభిప్రాయం కాదు. వాటిలో నిజమైన దోషాలు రెండు ఉన్నవి. వాటిని పలాయనమని పిలుచుట వల్ల ఆ దోషాలు మరుగున పడిపోతున్నవి. మొదటిది, వెల లేని మాయ. నాయకుడు చేయి చాపినప్పుడల్లా వరం దొరికే కథలో పాఠకుడు దేనికొరకూ భయపడడు, దేనికొరకూ సంతోషించడు. ఏదైనా జరుగగల చోట ఏదీ జరిగినట్లు కాదు. ఆనందవర్ధనుడు నీరసమన్నది దీనినే. రెండవది మరింత లోతైనది. కల్పనాలోకాన్ని కట్టినవాడు ఈ లోకపు దురభిప్రాయాలను మూటగట్టుకొని పోయి అక్కడ ధర్మంగా పాతిపెట్టగలడు. నల్లనివాడు రాక్షసుడు, అడవివాడు నరబలి ఇచ్చేవాడు, ముసలిది మంత్రగత్తె, కన్య గెలుచుకొనదగిన వస్తువు. వాస్తవకథలో ఇట్టివి చెప్పితే పాఠకుడు ఎదురుచెబుతాడు. మాయాలోకంలో అది ఆ లోకపు నియమమని ఒప్పుకొంటాడు. విస్మయంలో ఉన్న మనస్సు కాపలా లేని ఇల్లు. అందుచేత అక్కడ ప్రవేశించే రచయితకు బాధ్యత ఎక్కువ, తక్కువ కాదు.

అనువాదకునిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. ఐయారు, తిలిస్మ్ వంటి మాటలను తెలుగులోనికి తెచ్చునప్పుడు ‘మాయావి’, ‘మాయ’ అని వ్రాసి తృప్తిపడుట తేలిక. కాని ఐయారు మాయావి కాడు. ఉపాయం, వేషం, విశ్వాసం గల బంటు. తిలిస్మ్ ఒట్టి మాయ కాదు. గడువు గల లోకం. పేరు తప్పితే నియమం తప్పుతుంది. నియమం తప్పితే లోకమే కూలుతుంది. ఈ మాటలను యథాతథంగా ఉంచి, కథ నడకలోనే వాటి అర్థం పాఠకునికి తెలియనిచ్చుట మేలని నా అనుభవం. మన భాష కథాసరిత్సాగరాన్ని వేదం వేంకటరాయశాస్త్రిగారి చేతిమీదుగా అందుకొన్నది. దాస్తానుల విషయంలోనూ అట్టి శ్రద్ధ కావలెను. ఉర్దూ తెలుగు రెండూ పక్కపక్కన పెరిగిన హైదరాబాదు మనకు ఉండగా, ఈ పనికి తగినవారు దొరకరని చెప్పుట సమంజసం కాదు.

స్వయంగా వ్రాయదలచిన యువకులు లోకాన్ని కట్టుటకు ముందు దాని ధర్మాన్ని నిర్ణయించుకొనవలెను. అక్కడ మాయకు ఏమి వెల, దానిని ఎవరు చెల్లిస్తారు, ఎవరి పొట్ట కొట్టి ఆ కోట నిలిచినది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పుకొనవలెను. చెప్పుకొన్నవాని కథ చదివి పాఠకుడు తప్పక తిరిగివస్తాడు. వచ్చి తన వీథిలోని వింతను చూపి, ఇది ఇక్కడ ఎందుకున్నదని అడుగుతాడు. ఆ ప్రశ్న అడుగగల పాఠకుడు దొరుకుటకంటె రచయితకు కావలసినది లేదు.